నీటి బాకీ

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ముందే చెప్పివేయడం మంచిది. చెప్పవలసిన చోట చెప్పకపోవడం వల్లనే ఇక్కడ రక్తం కారింది.

అన్యాయం జరిగింది తొమ్మిదో తరగతి చదువుతున్న నాగమల్లేశ్వరికి. పటమటలోని ఒక ప్రైవేటు స్కూలులో, డీన్ గదిలో, ఆమె ఎడమ చెవి తమ్మెను కమ్మతో సహా పట్టి గుంజగా అది రెండుగా చీలింది. గుంజినవాడు డీన్ జానకిరామ్. ఆ గది తలుపు మూసిన మనిషి సోషల్ టీచరు రాజ్యలక్ష్మి. పిల్ల చేసిన నేరం, పెద్దవాళ్ళు అడిగినదానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్పడం.

అది రెండువేల రెండో సంవత్సరం, ఫిబ్రవరి నెల. పిల్లలను వేసవి సెలవుల్లో సింగపూరుకు విజ్ఞానయాత్ర తీసుకువెళ్ళాలని కరస్పాండెంట్ వెంకటసుబ్బారావు తలపెట్టాడు. పామర్రులో రైసుమిల్లు నడిపి, దాన్ని అమ్మి స్కూలు పెట్టిన మనిషి ఆయన. గేటు మీద విమానం బొమ్మ వేయిస్తే వచ్చే జూన్‌లో అడ్మిషన్లు ఎలా ఉంటాయో ఆయనకు తెలుసు. జానకిరామ్ ఆయన బావమరిది. యాత్ర ఏర్పాట్లన్నీ రాజ్యలక్ష్మి మీద పెట్టారు. పాస్‌పోర్టు ఫారాలు నింపించడం, ఏ రోజు ఏం చూడాలో రాయడం, అక్కడ మన అన్నం ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడం, గోంగూర పచ్చడి సీసా కారకుండా ఎలా చుట్టాలో తల్లులకు చెప్పడం, అన్నీ ఆమె పనే. అందుకు ప్రతిఫలంగా పిల్లల వెంట ఆమె వెళ్తుంది. అదే తరగతిలో ఉన్న ఆమె కూతురు ఉషశ్రీ కూడా వెళ్తుంది. ఉషశ్రీకి ఆ స్కూల్లో ఫీజు లేదు. ఏలూరులో గుమాస్తా పని చేస్తూ వారానికొకసారి ఇంటికి వచ్చే భర్త జీతంతో ఆ చదువు సాగదని రాజ్యలక్ష్మికి తెలుసు. ఆ సంగతి ఆమెకు తెలుసునని జానకిరామ్‌కూ తెలుసు.

శనివారం సాయంత్రం తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. సింగపూరు సైన్స్ సెంటరు, రేవు, పక్షుల పార్కు బొమ్మలు తెర మీద చూపించడం అయ్యాక ముందు వరుసలోని ఒక తండ్రి లేచాడు.

"అంతా బాగానే ఉందండీ. మరి ఇదివరకు మీరు పిల్లల్ని ఎక్కడికన్నా తీసుకెళ్ళారా? ఏమన్నా ఇబ్బందులు వచ్చినయ్యా?"

"కార్తీకమాసంలో మంగినపూడి బీచికి తీసుకెళ్ళాం గదండీ," అన్నాడు వెంకటసుబ్బారావు. "ఒక్క పిల్లకి గోరు విరగలేదు. నేను చెప్పడం ఎందుకు, పిల్లల్నే అడగండి. ఏమ్మా నాగమల్లీ, నువ్వు చెప్పు తల్లీ."

సైన్సులో ఫస్టు వచ్చే పిల్ల కాబట్టి, తెర మీద బొమ్మలు మార్చడానికి వేదిక పక్కనే నిలబెట్టారు కాబట్టి ఆమెను పిలిచాడు. ఆమెది బందరు దగ్గర సముద్రపు పల్లె అనీ, భవానీపురంలో చేపల వ్యాపారం చేసే గంగరాజు కూతురనీ ఆయనకు తెలుసు. సముద్రం మీద బతికిన ఇళ్ళల్లో పిల్లలకు మాటలు రాగానే నేర్పే నియమం ఒకటి ఉంటుందని మాత్రం తెలియదు. ఏ విషయంలోనైనా అబద్ధం ఆడవచ్చు గాని నీళ్ళ సంగతిలో ఆడకూడదు. ఇవాళ్టి అల గురించి ఒకడు దాస్తే రేపు మరొకడి పడవ తిరిగిరాదు.

"ఉషశ్రీ మునిగిపోయిందండీ," అంది నాగమల్లేశ్వరి. "నేను దూకి జుట్టు పట్టుకుని లాక్కొచ్చాను. నీళ్ళు మింగేసింది. బోర్లా పడుకోబెట్టి కక్కించాం."

"మోకాటి లోతు నీళ్ళండీ," అని నవ్వాడు వెంకటసుబ్బారావు. "పిల్లలు ఆటల్లో నానా రకాలుగా ఊహించుకుంటారు. ఉషశ్రీ వాళ్ళమ్మగారు ఇక్కడే ఉన్నారు. మేడమ్, మీరు చెప్పండి. ఏమన్నా జరిగిందా?"

నల్లమట్టి ఒడ్డున, నీలిరంగుకు తిరిగిన పెదవులతో పడి ఉన్న కూతురు రాజ్యలక్ష్మి కళ్ళ ముందు నిలిచింది. ఆ పక్కన తడిసిన యూనిఫాంతో రొప్పుతూ మోకాళ్ళ మీద కూర్చున్న నాగమల్లి కూడా.

"అలాంటిదేం లేదండీ," అంది ఆమె. "బురదలో కాలు కూరుకుని పడింది. అంతే."

"చేపలోళ్ళ పిల్ల గదా, నోరు తెరిస్తే సముద్రం కబుర్లే," అంది వెనక వరుసలో ఒక తల్లి. నలుగురూ నవ్వారు. నాగమల్లేశ్వరి నవ్వినవాళ్ళ వైపు చూడలేదు. రాజ్యలక్ష్మి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. లెక్కలో ఎక్కడ పొరపాటు చేశానా అని పలకను చూసుకునే చూపు అది.

మీటింగు అయ్యాక జానకిరామ్ ఆ పిల్లను గదిలోకి పిలిచాడు. ఫారాలు తీసుకుని రమ్మని రాజ్యలక్ష్మినీ పిలిచాడు.

"తలుపు వేయండి మేడమ్."

ఆమె వేసింది. గడియ మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడింది.

కొట్టే ముందు వాచీ తీసి బల్ల మీద పెట్టడం జానకిరామ్ అలవాటు. ఆ వాచీ బల్లను తాకే చప్పుడు విని పక్క గదిలో పిల్లలు తల దించుకుంటారు. ఆ సాయంత్రం కూడా తీశాడు, పట్టీ సరిచేసి పెట్టాడు, చేతిరుమాలుతో అరచేతులు తుడుచుకున్నాడు.

మొదటి దెబ్బ చెంప మీద పడింది. పిల్ల బీరువాకు కొట్టుకుంది. రెండోది వీపు మీద.

"మునిగిందా?"

"మునిగిందండీ."

"మేడమ్ లేదంటున్నారుగా. మేడమ్ అబద్ధం చెప్పారా?"

పిల్ల గడియ మీదున్న చేతిని చూసింది.

"మునిగిందా?"

"మునిగిందండీ."

అతడు ఆమె ఎడమ చెవి పట్టుకున్నాడు. నాయనమ్మ చేయించిన లావుపాటి కమ్మ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరుక్కుంది. పిల్ల మునివేళ్ళ మీద లేచేదాకా మెలిపెట్టి, అక్కడినుంచి కిందికి ఒక్క గుంజు గుంజాడు. పెద్ద చప్పుడేమీ రాలేదు. పాత గుడ్డ పీలిక చినిగినంత. పిల్ల నోటినుంచి గాలి మాత్రం వచ్చింది. తెల్ల కాలరు ఒక పక్క ఎర్రబడి, ఆ ఎరుపు భుజం దాకా పాకింది.

కమ్మ దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. నాగమల్లేశ్వరి ముందు వంగి కమ్మ తీసుకుంది. గుప్పిట్లో పెట్టుకుంది. ఆ తర్వాతనే చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

జానకిరామ్ వాచీ పెట్టుకున్నాడు. "మెట్ల మీద పడింది, కమ్మ రెయిలింగుకి పట్టుకుంది. వాళ్ళ నాన్నకి మీరే ఫోన్ చేయండి మేడమ్. మీరైతే నమ్ముతాడు."

ఆయా మార్త దూదీ డెటాలూ తెచ్చింది. చెవిని చూసి శిలువ గుర్తు వేసుకుని ఏమీ అనకుండా తుడిచింది. రాజ్యలక్ష్మి ఆ పిల్ల రెండు జడలూ విప్పి మళ్ళీ అల్లింది. మామూలుగా చెవుల వెనక కట్టే మడత జడలను కొంచెం ముందుకు జరిపి, రిబ్బను పువ్వు సరిగ్గా గాయం మీదికి వచ్చేలా బిగించింది. అల్లుతున్నంతసేపూ వేళ్ళకు తడి తగులుతూనే ఉంది. ఆ తర్వాత ఫోన్ చేసింది.

"అయ్యో, మీకు శ్రమ ఇచ్చిందాండీ మా పిల్ల," అన్నాడు గంగరాజు అవతలినుంచి.

ఆ రాత్రి అన్నం తింటూ ఉషశ్రీ అడిగింది. "నాగమల్లి చెవికి ఏమైందమ్మా?"

"మెట్ల మీద పడింది."

"ఏ మెట్ల మీద?"

"స్కూలు మెట్ల మీద. కమ్మ రెయిలింగుకి పట్టుకుంది."

"స్కూలు మెట్లకి రెయిలింగు లేదుగా. పిట్టగోడేగా ఉంది."

రాజ్యలక్ష్మి చెయ్యి ఎలా లేచిందో ఆమెకే తెలియలేదు. ఎంగిలి చేత్తోనే చెంప మీద కొట్టింది. మెతుకులు ఎగిరి గోడమీద పడ్డాయి. ఉషశ్రీ ఏడవలేదు. చెంప తుడుచుకోలేదు కూడా. నెమ్మదిగా తన ఎడమ చెవి తమ్మెను వేళ్ళతో తడిమి చూసుకుంది. ఆ తర్వాత కంచం తీసుకువెళ్ళి కడుక్కుని, తల్లితో మాట్లాడకుండా పడుకుంది.

మంగళవారం పిల్లలందరినీ ఫొటోలకు తీసుకువెళ్ళారు. పటమట మెయిన్ రోడ్డులో రాంబాబు స్టూడియో చిన్నది. గులాబీ తోట బొమ్మ ఉన్న తెరను పైకి చుట్టి, వీసా ఫొటోలకోసం తెల్ల దుప్పటి ఒకటి వేలాడదీశాడు. పిల్లలు వరుసలో నిలబడి ఒకరి దువ్వెనతో ఒకరు తల దువ్వుకుంటున్నారు. జానకిరామ్ బయట స్కూటరు మీద కూర్చుని సోడా తాగుతున్నాడు.

నాగమల్లేశ్వరి వంతు వచ్చింది. స్టూలు మీద కూర్చుంది.

"జడలు వెనక్కి వేసుకోమ్మా," అన్నాడు రాంబాబు కెమెరాలోంచి చూస్తూ. "రెండు చెవులూ కనపడకపోతే ఎంబసీవాళ్ళు తిప్పి మన మొహాన కొడతారు."

పిల్ల కదలలేదు.

"వినపడలా? మేడమ్, ఆ రిబ్బన్లు కొంచెం వెనక్కి కట్టండి."

కట్టిన చేతులే విప్పవలసి వచ్చింది. రాజ్యలక్ష్మి రిబ్బను ముడి లాగింది. జడ విడిపోయి వెనక్కి పడింది. తమ్మె అనేది అక్కడ లేదు. నల్లగా చెక్కు కట్టిన రెండు చిన్న తునకలు, వాటి మధ్య పసుపు పచ్చని చీము. రాంబాబు కెమెరా మీదినుంచి ముఖం ఎత్తాడు. వరుసలో మాటలు ఆగిపోయాయి. ఆ వరుసలో మూడో పిల్లగా నిలబడి ఉన్న ఉషశ్రీ ముందుకు వచ్చి, ఆ చెవిని చూసి, తల్లి ముఖం చూసింది.

"ఇట్లాగే తీయాలా మేడమ్?" అన్నాడు రాంబాబు.

ఏమైందని జానకిరామ్ లోపలికి వచ్చాడు. "రీటచ్ చేసెయ్యవయ్యా. నీకు చేతనైన పనేగా."

"ఫొటోలో చెవి నేను అతికిస్తానండీ. అక్కడ దిగినాక వాళ్ళు మనిషి చెవిని చూస్తారు గదా. అది మీరే అతికించుకోవాలి."

వరుస చివర ఒక కుర్రాడు కిసుక్కున నవ్వాడు. జానకిరామ్ వాచీ తీయలేదు, అంత తీరిక లేకపోయింది. రెండు అంగల్లో వెళ్ళి ఆ కుర్రాడి జుట్టు పట్టి ద్వారబంధానికి కొట్టాడు. నుదురు చిట్లింది. కుర్రాడు ఏడవడానికి కూడా భయపడి చొక్కా చేతితో నుదురు అదిమి పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"ఈ పిల్ల పేరు తీసేయండి మేడమ్," అన్నాడు జానకిరామ్, ఊపిరి సర్దుకుంటూ. "ఆరోగ్యం బాగాలేదని రాయండి. చీము పట్టిన చెవితో విమానం ఎక్కనివ్వరు."

రాజ్యలక్ష్మి "సరేనండీ" అంది.

బుధవారం పొద్దున్న ఆమె వాకిట్లో కుళాయి దగ్గర బిందె పెడుతుండగా గేటు ముందు ఒక ముసలమ్మ వచ్చి నిలబడింది. పొడుగాటి మనిషి. ఎండకు నల్లబడి మెరిసే ముఖం, పాత బంగారు బరువుకు సాగిన చెవులు.

"రాజ్యలక్ష్మి పంతులమ్మగారి ఇల్లు ఇదేనా అమ్మా? నేను నాగమల్లి నాయనమ్మని. పేరమ్మంటారు."

"లోపలికి రండి. కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?"

"నీ ఇంటి నీళ్ళు నేను ముట్టకూడదమ్మా. మన మధ్య నీటి బాకీ ఉంది."

రాజ్యలక్ష్మికి అర్థం కాలేదు. చెవి సంగతి అడగడానికి వచ్చిందనుకుని, మెట్ల మాట మళ్ళీ ఎత్తబోయింది. పేరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"చెవి సంగతికి రాలేదమ్మా నేను. ఎవరు చింపారో పిల్ల చెప్పింది. తలుపెవరు మూశారో కూడా చెప్పింది. అది మా గంగరాజు చూసుకుంటాడు. నిన్నటి నించీ మావోడు కత్తి నూరతన్నాడు. చేపలు కోసే కత్తికి అంత పదును అక్కర్లేదు. నేనే కూచోబెట్టా. ముందు పాత బాకీ తీరాలిరా, తరవాత కొత్త బాకీ అని."

"ఏం బాకీ?"

"నీ కూతుర్ని సముద్రం నోట్లోంచి నా మనవరాలు లాక్కొచ్చింది. అట్టా లాక్కొచ్చినప్పుడు ఆ ఇంటోళ్ళు నలుగురిలో నిలబడి, తీసినోళ్ళ పేరు చెప్పి, కొత్త బట్ట కప్పాలి. అదీ మావోళ్ళ కట్టుబాటు. ఒప్పుకోకపోతే నోటికాడి కూడు పోయిన సముద్రం తీసినోళ్ళ మీద పడద్ది. కార్తీకం పోయింది, సంక్రాంతి పోయింది. పట్నపోళ్ళు గదా, తెలవదులే అని ఊరుకున్నా. నువ్వు ఒప్పుకోకపోవడమే కాదు, అంత మందిలో లేదన్నావంట. అన్న ఘడియకే మా పిల్ల నెత్తురు కళ్ళజూసింది."

"ఇవన్నీ మూఢనమ్మకాలు పేరమ్మగారూ."

"అవునమ్మా, మేం చదూకోలా. నీ కూతురు మునిగిందా, లేదా?"

బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. రాజ్యలక్ష్మి కుళాయి కట్టలేదు.

"మునిగింది," అంది.

"మరి చెప్పు."

"నా ఉద్యోగం పోతుంది. దాని చదువు పోతుంది."

"పోద్ది," అంది పేరమ్మ. ఆ మాటలో జాలీ లేదు, బెదిరింపూ లేదు. "బట్ట తల్లి కప్పాలి. పేరు మాత్రం నీళ్ళు మింగిన నోరే చెప్పాలి. ఒక్కటి చేస్తే సగమే. అప్పటిదాకా నీ పిల్ల సముద్రం దాటకూడదు. విమానం అయితే మాత్రం ఏం, కింద ఉండేది నీళ్ళేగా."

వెళ్తూ వెళ్తూ ఆమే లోపలికి వంగి కుళాయి కట్టింది.

శుక్రవారం రాజ్యలక్ష్మి వన్‌టౌన్ వెళ్ళి పసుపురంగు మంగళగిరి చీర ఒకటి కొన్నది. నాలుగు మూలలకూ పసుపు పెట్టింది. ఉషశ్రీ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఎందుకని అడగలేదు. ఆ ఇంట్లో ప్రశ్నలు అడగడం ఆగిపోయి వారం కావస్తోంది. రాజ్యలక్ష్మి కూడా చెప్పలేదు. వాకిట్లో పేరమ్మ మాటలు ఆ పిల్ల కిటికీలోంచి విన్నదని ఆమెకు తెలియదు. పడవలసింది నేను పడతాను, పిల్లను ఇందులోకి లాగను అని ఆమె నిశ్చయించుకుంది. సగం బాకీ మిగిలితే మిగలనీ.

శనివారం ఆఖరి మీటింగు. గేటు మీద రంగులు ఆరని విమానం, తెల్లటి మేఘాలు. గంగరాజు, పేరమ్మ వెనక వరుసలో కూర్చున్నారు. ఇద్దరి మధ్య నాగమల్లేశ్వరి. గంగరాజు కుడిచెయ్యి కండువా కింద ఉంది. ఆ చేతి మణికట్టును పేరమ్మ గట్టిగా పట్టుకుని కూర్చుంది. చూసేవాళ్ళకు కొడుకు మీద ఆపేక్షలాగా కనిపించే పట్టు.

"ఇప్పుడు మన రాజ్యలక్ష్మి మేడమ్ యాత్ర కార్యక్రమం చదువుతారు," అన్నాడు వెంకటసుబ్బారావు.

ఆమె మైకు ముందుకు వచ్చింది. చేతిలో కాగితాలు లేవు. గుడ్డ సంచి ఉంది.

"కార్యక్రమం చదివే ముందు నేను తీర్చుకోవలసిన బాకీ ఒకటి ఉందండీ," అంది. "నాగమల్లీ, ఇలా రామ్మా."

పిల్ల నాయనమ్మను చూసింది. పేరమ్మ తల ఊపింది. పిల్ల నడిచి వచ్చి వేదిక ఎక్కింది. రాజ్యలక్ష్మి సంచిలోంచి చీర తీసి మడత విప్పింది.

"పోయిన శనివారం ఈ పిల్ల మీకు నిజం చెప్పింది. నేను అబద్ధం చెప్పాను. మంగినపూడిలో మా అమ్మాయి మునిగిపోయింది. నిజం చెప్పినందుకు ఈ పిల్లను ఏం చేశారో మీరే చూడండి."

రిబ్బను లాగి జడ వెనక్కి వేసింది.

జానకిరామ్ లేచాడు. నడుస్తూనే వాచీ విప్పుతున్నాడు. అలవాటు అంత బలమైనది. అది చూసి ముందు వరుసలో కూర్చున్న పిల్లలందరూ ఒక్కసారిగా తలలు దించుకున్నారు. తల్లిదండ్రులు చూసింది మొదట ఆ తలలను.

అతడు ఒక చేత్తో మైకు లాక్కున్నాడు. రెండో చేత్తో చీర పట్టుకున్న ఆమె మణికట్టు పట్టి వెనక్కి మెలితిప్పాడు. గాజులు పటపట చిట్లాయి. వేదిక మీద ఆకుపచ్చ గాజు ముక్కలు రాలాయి. ముక్కలు కండలో దిగి రక్తం మోచేతి దాకా కారింది. భర్త బతికి ఉన్న ఆడదాని గాజులు పరాయి మగవాడు పగలగొట్టడం అంటే ఏమిటో ఆ హాల్లో ఒకరు ఒకరికి చెప్పనక్కరలేదు. కుర్చీలు కదిలిన చప్పుడైంది. వెనక వరుసలో గంగరాజు సగం లేచాడు. పేరమ్మ అతని మణికట్టు వదలలేదు.

"ఈమెకి మతి చలించిందండీ," అన్నాడు జానకిరామ్ మైకులో. "మునగడం లేదు, ఏం లేదు. ఎవరు చూశారు?"

"నేను చూశాను."

మైకు అక్కర్లేనంత గట్టిగా వచ్చిన మాట. పిల్లల వరుసలో ఉషశ్రీ బెంచీ ఎక్కి నిలబడి ఉంది.

"నీళ్ళ లోపలినించి చూశాను. మునిగింది నేను. నన్ను తీసింది నాగమల్లేశ్వరి. మా అమ్మ కాదు, సార్లు కాదు. నాగమల్లేశ్వరి."

వెనక వరుసలో పేరమ్మ పట్టు వదిలింది. వదిలిన చెయ్యి ఎటు పోతుందోనని ఆమె చూడను కూడా లేదు. గంగరాజు నెమ్మదిగా కూర్చున్నాడు.

రాజ్యలక్ష్మి మెలిపడిన చేతిని ఒక్క విదిలింపుతో లాక్కుని, రక్తం అంటిన చీరను ఆ పిల్ల భుజాల చుట్టూ కప్పింది. కొంగు ముందుకు తెచ్చి సరిచేసింది.

హాల్లో ఎవరూ కేకలు వేయలేదు. మూడో వరుసలో ఒక తల్లి తన పక్కనున్న కూతురి జడలు పక్కకు తీసి చెవులు చూసింది. ఆమెను చూసి ఆ వెనక తల్లి. నుదుటి మీద ప్లాస్టరు ఉన్న కుర్రాడి తండ్రి కొడుకు ముందు గొంతుక్కూర్చున్నాడు. "క్రికెట్ బాలన్నావు గదరా," అన్నాడు. కుర్రాడు గోడ వైపు తిరగబోయాడు. తండ్రి చొక్కా పైకెత్తి వీపు చూశాడు. వరుస తర్వాత వరుస, కాలర్లు లాగి, చేతులు తిప్పి, జుట్టు పాయలు తీసి, తల్లులు తమ పిల్లలను తాము చూసుకుంటున్నారు. పోయిన వారం సముద్రం కబుర్లని నవ్విన తల్లి కొడుకు పిక్కల మీద వాతలను అరచేత్తో కొలుస్తూ కూర్చుంది.

వెంకటసుబ్బారావు "అయ్యా, కూర్చోండి, సింగపూరు" అని ఏదో మొదలుపెట్టాడు. ఎవరూ ఆయన వైపు తిరగలేదు.

ఆ తర్వాత జరిగినది త్వరగా జరిగింది. నలుగురైదుగురు తండ్రులు జానకిరామ్‌ను చొక్కా పట్టుకుని అతని గదిలోకే ఈడ్చుకుపోయారు. తలుపు మూసుకుంది. లోపలినుంచి బీరువాకు మనిషి కొట్టుకున్న చప్పుడు వచ్చింది. మళ్ళీ వచ్చింది. ఆ చప్పుడు రాజ్యలక్ష్మికి తెలిసినదే. కాళ్ళు తమంతట తామే ఆ తలుపు దగ్గరకు నడిచాయి. గడియ పడలేదు. తోసింది.

జానకిరామ్ బల్ల పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు. పెదవి చిట్లింది. నుదుటి మీద ప్లాస్టరు ఉన్న కుర్రాడి తండ్రి అతని చెవి పట్టుకుని మెలిపెడుతున్నాడు.

"వదలండి," అంది ఆమె.

"మీరెవరండీ చెప్పడానికి? మీరూ వీళ్ళ మనిషేగా."

"అవును. అందుకే చెబుతున్నాను. చెవికి చెవి చింపితే వీడు రేపు ఆసుపత్రిలో పడుకుంటాడు, మీరు జైల్లో ఉంటారు. స్టేషనుకు పదండి. పిల్లల్ని చూపించండి. వీడు చింపుతుంటే తలుపు మూసింది నేనేనని నేను కూడా అక్కడే రాయిస్తాను."

అతడు ఆమె మణికట్టు నుంచి నేల మీదికి జారుతున్న చుక్కలను చూశాడు. చెవి వదిలాడు. రాజ్యలక్ష్మి తలుపును గోడకు ఆనేలా బార్లా తెరిచి, కదలకుండా కుర్చీ ఒకటి అడ్డం పెట్టింది.

ఒక తండ్రి ఆఫీసు ఫోన్ నుంచి స్టేషనుకు కబురు చెప్పాడు. కానిస్టేబులు వచ్చేదాకా అందరూ వరండాలో ఉన్నారు. సింగపూరు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. గంగరాజు కండువా కిందినుంచి కత్తి తీసి తల్లికి ఇచ్చాడు. పేరమ్మ దాన్ని యాత్ర ప్రకటన కాగితంలో చుట్టి సంచిలో అడుగున పెట్టింది. ఆ తర్వాత వేదిక ఎక్కి, పిల్లల కాళ్ళలో గుచ్చుకుంటాయని, గాజు ముక్కలన్నీ ఏరి కొంగులో వేసుకుంది. ఉషశ్రీ, నాగమల్లేశ్వరి మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. చీర ఇద్దరి ఒళ్ళోకీ పరుచుకుని ఉంది. ఉషశ్రీ ఏదో అడుగుతోంది. నాగమల్లి తల ఊపుతోంది.

పేరమ్మ వచ్చి రాజ్యలక్ష్మి ముందు నిలబడింది. కోసుకుపోయిన మణికట్టుకు మార్త కట్టిన గుడ్డను తిప్పి చూసింది.

"ఎండిపోయిందమ్మా గొంతు," అంది. "కాసిని మంచినీళ్ళియ్యి."

వరండా మూల బల్ల మీద పిల్లలు తాగే నీళ్ళ బిందె ఉంది. రాజ్యలక్ష్మి ఎడమచేత్తో గ్లాసు ముంచబోయి ఆగి, గుడ్డ కట్టిన కుడిచేత్తోనే ముంచి తెచ్చింది. ముసలమ్మ గ్లాసు అందుకోలేదు. వంగి దోసిలి పట్టింది. రాజ్యలక్ష్మి పోసింది. పేరమ్మ గుక్క తిప్పుకోకుండా, చుక్క కింద పడకుండా, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగి, తడి చేతులు రెండూ ఆమె తల మీద పెట్టింది.